పాదాలకు ఎర్రమట్టి

తెల్లారేసరికి సొలొమోను పాదాలకు మళ్ళీ ఎర్రమట్టి.

వాళ్ళ వాకిట్లో ఉన్నది నల్లరేగడి. ఎర్రమట్టి చర్చి వెనక సమాధుల తోటలోనే ఉంది. అక్కడ వాళ్ళ మూడేళ్ళ బిడ్డ మార్తను సమాధి చేసి నలభై రోజులైంది.

రాత్రి ఎలిశిబా మొగుడి కాలిని మంచం కోడుకు చేంతాడుతో కట్టింది. ముడి వేసినట్టే ఉంది. మట్టి మాత్రం వచ్చింది.

"ఇగ నాతోని కాదు. దవాఖానకు నడువయ్యా," అన్నది.

సొలొమోను తాపీమేస్త్రీ. మాట తక్కువ. రుమాలు చుట్టుకొని వెంట నడిచాడు. పక్కింటి బాలనర్సమ్మ గోడ మీంచి అననే అన్నది: "ఏం మేస్త్రీ, రాత్రిపూట గూడ పనికి పోతున్నవంట?"

డాక్టర్ జయానందం అంతా విన్నాడు.

"దయ్యం కాదమ్మా. నిద్రంతా ఒక్క తీరుగ ఉండది. కలలొచ్చే నిద్రల కనుగుడ్లు కదులుతయి, ఒళ్ళు కట్టేసినట్టు పడి ఉంటది. అంతకుముందు వచ్చేది మొద్దునిద్ర. అందుల ఒక్కోసారి కాళ్ళు లేస్తయి, మనిషి లేవడు. కండ్లు తెరిచే నడుస్తడు. తెల్లారితే ఏం యాదికుండది."

"మరి ముడి?"

"చేతులు గూడ అంతే. విప్పుకున్నడు, మళ్ళ కట్టుకున్నడు. మనసుల దుఃఖముంటే ఇది ఎక్కువైతది."

"గదే సార్. బిడ్డ పోయిన్నాడు గూడ ఈయన కండ్లనీళ్ళు వెట్టలే. నేనన్న ఏడ్చి తేరుకున్న."

సొలొమోను అప్పుడు నోరు విప్పాడు. "నడిచేటప్పుడు లేపితే ఏమైతది సార్?"

"పానం పోదు. కానీ బిడ్డ సమాధి కాడ నిలబడి మెలకువొస్తే, ఆ మనిషిని పట్టుకునుడు కష్టం. సప్పుడు చేయకుంట ఇంటికి మలుపాలె. తగ్గకుంటే పట్నం పిచ్చిదవాఖానల పెట్టుడే."

సొలొమోను రుమాలు తీసి చేతుల్లో నలిపాడు.

"ఒక్క నెల ఆగుండ్రి సార్. నేను పోతే ఇంట్ల ఈమె ఒక్కతే అయితది."

"జర నా సంగతి ఇడిచిపెట్టు," అని కసిరింది ఎలిశిబా. కసురుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ రాత్రి ఆమె రెండు ముడులు వేసింది. మంచం పక్కనే చాప పరుచుకొని, మొగుడి కాలి మీద చెయ్యి వేసి పడుకుంది.

కోడి కూయకముందే సొలొమోను, రోజూలాగే, చాప మీద నిద్రపోతున్న ఎలిశిబా పాదాల ఎర్రమట్టిని తడిగుడ్డతో తుడిచి, తన పాదాలకు రాసుకొని, రెండు ముడులూ ఆమె వేసినట్టే మళ్ళీ వేసుకున్నాడు.