మూడు తరాల పేర్లు

"ఇక్కడ పెన్ను వాడకూడదు," అంటూ డోరిస్ వసుమతి చేతిలోని పెన్ను తీసేసుకుని, అరిగిపోయిన పెన్సిల్ ముక్క ఇచ్చింది.

కౌంటీ ఆఫీసులో పాత రికార్డుల గది అది. డోరిస్ అక్కడి క్లర్కు.

వసుమతికి పొద్దున్నే ఓపిక అయిపోయింది. తానుండే అరోరా నుంచి ఇంత దూరం ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. పెళ్ళిళ్ళ రిజిస్టర్లు ఎత్తలేక చేతులు పీకుతున్నాయి. లోపలి గొలుసుకట్టు రాత చదవబోతే కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి.

ఇదంతా కొడుకు శ్రీధర్ చేసుకోబోయే పిల్ల, కాబోయే కోడలు కేరన్ కోసం. కేరన్ నర్సు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. నాన్న పేరు రేమండ్ హచిన్స్ అనీ, ఆయనది ఈ కౌంటీ అనీ తప్ప తనవాళ్ళ గురించి ఆ పిల్లకు ఏమీ తెలియదు.

"గోత్రానికేముందమ్మా, కాశ్యప అనేద్దాం," అన్నాడు పెళ్ళి మాట్లాడటానికి వెళ్ళినప్పుడు గుడి పూజారి. "పెళ్ళికూతురి ముత్తాత, తాత, తండ్రి పేర్లు మాత్రం కావాలి. దొరక్కపోతే దేవుడి పేర్లు చెప్పి కానిచ్చేద్దాం."

కేరన్ అక్కడే ఉంది. "శ్రీధర్ వైపు మనుషుల పేర్లు చదువుతారు, నా వైపు దేవుళ్ళవా ఆంటీ?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ ముఖం చూసి వసుమతి మాటిచ్చేసింది. ఇచ్చినందుకు ఇప్పుడు నడుం పడిపోతోంది.

మధ్యాహ్నం దాటాక డోరిస్ జాలిపడి ఎవరికో ఫోన్ చేసింది.

"మేమంతా రెడ్ అని పిలుస్తాం, అతను వస్తున్నాడు. హచిన్స్ వాళ్ళ సంగతి అతనికి తెలుస్తుంది."

వచ్చినవాడు పొడుగాటి ముసలాయన. మాసిన గడ్డం, మోచేతుల దగ్గర చిరిగిన కోటు. గదంతా పొగాకు వాసన కొట్టింది. వసుమతి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"రేమండ్ కూతురికా పెళ్ళి?" అన్నాడు.

"అవునండీ."

"ఎలా ఉంటుంది పిల్ల?"

"బంగారం."

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత ఒక రిజిస్టరు లాగి, వెతుక్కోకుండానే పేజీ తీశాడు.

"ఇది అమోస్ హచిన్స్ పెళ్ళి. పిల్లకి ముత్తాత. వానకి గుర్రబ్బండి బురదలో దిగబడితే పెళ్ళికూతురు ఈ ఆఫీసుకి నడిచొచ్చిందట."

వసుమతి గబగబా రాసుకుంది. "మరి తాత?"

"ఎర్ల్." ముసలాయన రిజిస్టరు మూసేశాడు. "అతను అంత మంచివాడేం కాదు. కొడుకుని ఇంట్లోంచి గెంటేశాడు. మళ్ళీ ముఖం చూడలేదు. ఆ పేరు వదిలేయండి."

"మంత్రంలో మంచీ చెడూ అడగరండీ," అంది వసుమతి విసుగ్గా. "మధ్యలో ఆయన లేకపోతే పిల్ల పైవాళ్ళకి ఎలా అందుతుంది?"

ఆయన ఆమెకేసి చూశాడు.

"అయితే చదువుతారా ఆ పేరు?"

"చదవక? ఫలానా వారి మునిమనవరాలు, ఫలానా వారి మనవరాలు, ఫలానా వారి కూతురు అని మూడుసార్లు చదువుతారు."

"గట్టిగానే?"

"మైకులో."

"పెళ్ళెప్పుడు?"

"వచ్చే నెల పదిహేనున. అరోరాలో కొత్తగా కట్టిన బాలాజీ గుళ్ళో."

ఆయన టోపీ చేతిలో తిప్పుతూ, "ఎవరైనా రావచ్చా?" అన్నాడు.

వసుమతి ఆ చిరుగుల కోటు చూసింది. పట్టుచీరల మధ్య ఈ మనిషిని ఊహించుకుంది. ఆ అలసటలో అబద్ధం తేలిగ్గా వచ్చేసింది. నిజానికి ఆమె ఊళ్ళో తెలుగువాళ్ళందరినీ పిలిచింది.

"బయటివాళ్ళని పిలవడం లేదండీ. బంధువులం మాత్రమే."

"అదీ నిజమే," అని తలూపాడు ముసలాయన. "బంధువులే ఉండాలి."

ఆయన వెళ్ళిపోయాక గానీ థాంక్స్ చెప్పలేదని ఆమెకు గుర్తు రాలేదు. పోనీలే, పని అయింది కదా అనుకుంది.

పెళ్ళి బాగా జరిగింది. అమోస్, ఎర్ల్, రేమండ్ పేర్లు మైకులో వినబడుతుంటే కేరన్ తలొంచుకుని ఏడ్చింది. వసుమతి కూడా ఏడ్చింది. పడ్డ శ్రమంతా మర్చిపోయింది.

అప్పగింతలూ భోజనాలూ అన్నీ అయ్యి, చుట్టాలు వెళ్ళాక, డోరిస్‌కి ఫోటోలూ, రెండు డబ్బాల లడ్డూలూ పోస్ట్ చేసింది.

డోరిస్ ఫోన్ చేసింది.

"లడ్డూలు అందాయి. చాలా బాగున్నాయి."

"ఒక డబ్బా రెడ్ గారికండీ. ఆ రోజు ఆయనకి థాంక్స్ కూడా చెప్పలేదు."

"రెడ్ పోయాడు. మొన్న ఆదివారం సమాధి చేశాం. గుండెపోటు."

"అయ్యో!"

"మీ పెళ్ళి కోసం కొత్త కోటు కొనుక్కున్నాడు. బంధువులకే అన్నారట కదా, లోపలికి వెళ్ళలేకపోయాడు. చెప్పులు విడిచే చోట నిలబడి విని వచ్చేశాడు."

"ఏం విని?" అంది వసుమతి.

"ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ అదే చెప్పుకున్నాడు పాపం, 'మా రేమండ్ కూతురి పెళ్ళిలో నా పేరు మైకులో మూడుసార్లు చదివారు' అని."