చెడు రక్తం

నా భార్యను చంపింది మా అత్త, ఆమె కన్నతల్లే. కానుపయ్యాక రక్తం ఆగకపోతే, "చెడు రక్తంలే, పోనీ" అంటూ ఆసుపత్రికి తీసుకెళ్లనివ్వలేదు. బిడ్డా దక్కలేదు.

ఇన్నేళ్లకు అత్త చిన్నకూతురి కానుపు ఆసుపత్రిలో అయింది. చూడడానికి వెళ్లాను. అత్త రక్తంతో తడిసిన గుడ్డ పట్టుకుని నర్సు దగ్గర నిలబడి ఉంది.

"ఇది ఎక్కువేమో చూడు తల్లీ."

"మామూలే పెద్దమ్మా. ఇలా మాటిమాటికీ తెస్తుంటే నా ఉద్యోగం నీకే ఇస్తారు."

ఆమె తిరిగి వస్తుంటే వరండాలో అడ్డంగా నిలబడ్డాను.

"చెడు రక్తమేగా అత్తా. పోనీ."

ఆమె గుడ్డను కొంగు కింద దాచుకుంది.

"పెద్దది పుట్టినప్పుడు నాకు మంచం కింద మడుగు కట్టింది నాయనా. చెడు రక్తమేనంది మా అమ్మ. నేను బతికాను. అదీ బతుకుతుందనుకున్నా."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఖాళీ ఇంట్లో నాకు ఇన్నాళ్లూ తోడున్నది ఆమె మీది కోపమే. అదీ చేజారుతోంది.

లోపల పసిబిడ్డ ఏడ్చింది. అత్త గబగబా వెళ్లింది. నన్నెవరూ రమ్మనలేదు.

ఆమెను క్షమించలేదు. కాని ఆ సంగతి ఇక ఎత్తను. నన్నెవరూ అడగొద్దు.