సద్దు లేని బండి

1998 జూలై 14, మంగళవారం. పొద్దున్నే పేపరు తెరవగానే ఆశ్చర్యం! ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జి చేసుకునే కారు ఒకటి విదేశాల్లో తయారవుతోందట. దగ్గరి ఊళ్లకు కరెంటుతోనే పోతుంది. చార్జి అయిపోతే పెట్రోలుతో నడుస్తుంది.

మా అవ్వ రెబెకమ్మ ఆత్మకూరు బస్టాండులో ఉడకేసిన శనక్కాయలు అమ్ముతుంది. బస్సుల పొగకు దూరంగా ఉంటేనే దగ్గు తగ్గుతుందని డాక్టరు చెప్పి నెలయింది. అందుకే సాయంత్రం ఆమె శనక్కాయల్లో మట్టిబెడ్డలు ఏరుతుంటే, పక్కన కూర్చుని ఆ వార్త చదివాను.

"అవ్వా, బస్సులు కూడా ఇట్టాంటివి వస్తే స్టాండులో పొగే ఉండదు."

"వొస్తే మంచిదే. ఇంకేం రాసినాడు?"

"పెట్రోలు ఖర్చు తగ్గుతాదంట. కరెంటుతో నడిచేటప్పుడు సద్దు కూడా ఉండదంట!"

అవ్వ చెయ్యి ఆగింది.

"సద్దుండదా? వొద్దులేవే తల్లీ. ఉదయగిరి బస్సేదో సంగం బస్సేదో సద్దును బట్టే గదా గంపెత్తుకుని పోతా ఉండేది. కళ్లు లేనిదాన్ని, సద్దు లేకుండా మీదికొస్తే ఎట్ట తప్పుకునేది?"

"అయితే ఇంటికాడే అమ్ముకోరాదా?"

"మనింటి ముందర బస్సు ఆపతారంటనా, ఏందే?" అని నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా వీపు నిమరడం తప్ప నాకేమీ చేతకాలేదు.

రేపు పొద్దున్నే, మొదటి బస్సు రాకముందే లేవాలి. అవ్వ చెయ్యి పట్టుకుని ఆ పొగలోకి నడిపించుకుపోవాల్సింది నేనే.