మాస్టారి సంచి

“బియ్యం వద్దు. పప్పు కూడా వద్దమ్మా” అంటూ మాస్టారు రెండు పొట్లాలనూ బల్లమీద వెనక్కి జరిపారు.

“ఇది మూడో వారం మాస్టారూ” అంది రిజిస్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూస్తూ. ఆ ఉచిత సరుకుల కేంద్రంలో పేర్లు రాసేది ఆవిడే కాబట్టి అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు. వరసగా మూడు వారాలు బియ్యం, పప్పు వద్దన్నవాళ్ళకు ఇంట్లో లోటు లేనట్టే లెక్క. కార్డు రద్దు. ఆ నిబంధన పెట్టిందీ ఆవిడే.

“మరేం కావాలి దొరగారికి?”

“రొట్టె, బిస్కెట్లు, అరటిపళ్ళు. రింగు పట్టి లాగితే మూత ఊడొచ్చే డబ్బాలుంటే రెండు. ఈ ఫ్లాస్కులో కాసిని వేడినీళ్ళు.”

“నీళ్ళు కూడా మా దగ్గరేనా?”

“మీ నీళ్ళకున్న రుచి ఇంకెక్కడా రాదు తల్లీ.”

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. మాస్టారంటే వాళ్ళకు ప్రాణం. ముప్ఫై ఏళ్ళు పెద్ద హోటల్లో వంట చేసి, అది మూతపడ్డాక ఇక్కడికి చేరిన మనిషి. వెనకాలే నిలబడ్డ దర్జీ ఆవిడ, కిందటివారం ఇచ్చిన శనగలు ఎంతసేపు ఉడికించినా రాళ్ళలాగే ఉన్నాయని వాపోయింది.

“ముందురోజే నానబెట్టు. ఉప్పు చివర్లో వెయ్యి. సన్నటి మంటమీద పెట్టి వదిలెయ్, మాటిమాటికీ మూత తీసి చూడకు.” చెబుతుంటే ఆయన చెయ్యి గాల్లోనే గరిట తిప్పింది.

రిజిస్టరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. ఊరందరికీ వంట నేర్పే మనిషి తను మాత్రం బిస్కెట్లు నములుతాడట. ఇంట్లో ఎవరో వేళకు వండి పెడుతూనే ఉంటారు, ఈయన చిరుతిళ్ళ కోసం వస్తున్నాడు, అంతే. అయినా కార్డు లాక్కోవడానికి ఆవిడకు చేతులు రావడం లేదు. ఆయన కబుర్లంటే ఆవిడకూ ఇష్టమే.

“రద్దు చెయ్యాలంటే మీరు చేరినప్పటి ఈ ఫారమే మళ్ళీ మొత్తం నింపాలి. నిజం చెప్పండి. ఇంట్లో ఎంతమంది?”

“నేనొక్కణ్ణే.”

“నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు?”

“రొట్టె, డబ్బాలో బఠాణీలు.”

“రాత్రి?”

“మిగిలిన బఠాణీలు. అప్పటికి బాగా ఊరాయి.”

“చెయ్యి తిరిగిన వంటవాళ్ళు, మీకింత బద్ధకమేమిటండీ?”

“వయసు మీదపడింది కదా” అని మాస్టారు నవ్వారు గానీ, సంచి పిడిని గట్టిగా పట్టుకున్నారు. “కార్డు తీసేస్తే ఆ రొట్టె కూడా ఉండదమ్మా.”

ఆవిడ ఫారంమీద కలాన్ని కిందికి జరిపింది. ఇక ఒక్క గడే మిగిలింది. ఆయన చేరిన రోజు దాన్ని అడక్కుండానే వదిలేసింది. వంటవాణ్ణి పట్టుకుని అదేం ప్రశ్న అనుకుంది.

“వంట దేనిమీద? గ్యాసా, కరెంటా?”

మాస్టారు ఫ్లాస్కు మూత నెమ్మదిగా బిగించి, దర్జీ ఆవిడకు వినబడకుండా బల్లమీదికి వంగారు.

“పొయ్యి లేదమ్మా.”