కొంగగారి ఈతబడి

మా పెరటి కోడి సంగతి మీకు చెప్పలేదు కదూ! గంపలో బాతుగుడ్డు పెడితే పొదిగి పిల్లను చేసింది. దాని ఒంటి తడి ఆరకముందే కొంగగారి ఈతబడిలో సీటు కావాలని కూర్చుంది. ఆ బడిలో నేర్పేది ఈత. చేరడానికి పెట్టే పరీక్షా ఈత మీదే. ఈత ముందే వస్తే బడి ఎందుకని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు.

నెల్లాళ్ళు పిల్లను బూడిదకుప్ప మీద నిలబెట్టి ఈత పాఠాలు బట్టీ పట్టించింది.

"అమ్మా, ఒక్కసారి చెరువులోకి పోనా?"

"ముందు సీటు రానీయవే!"

పరీక్ష రోజున కొంగ ఒంటికాలి మీద నిలబడి అడిగింది. "ఈదేటప్పుడు ముందు ఏ కాలు కదపాలి?"

పిల్ల నీళ్ళను చూసింది. జవాబు మరిచిపోయి బుడుంగున దూకి, అవతలి ఒడ్డుదాకా ఈది వచ్చింది.

"జవాబు రాలేదు. సీటు లేదు" అంది కొంగ.

కోడి దారంతా పిల్లను పొడుస్తూనే ఉంది. "పరువు తీశావు కదే!"

"ఈదాను కదమ్మా" అని ఏడ్చింది పిల్ల.

"ఈదమని నిన్నెవరడిగారే?"

కోడి ఇప్పుడు మళ్ళీ పొదుగుతోంది. ఈసారి ఆలస్యం చేయదలచుకోలేదట. గుడ్లకే పాఠాలు మొదలుపెట్టింది.