చేయి తిరిగిన మనిషి కావలెను

ఆట మొదలవగానే కారు కదలాలి. కదలడం లేదు.

బ్రౌజర్‌లోనే ఆడుకునే ఆ కార్ల పందెంలో తప్పు ఒక్కటే. కంప్యూటర్‌కి టచ్ స్క్రీన్ ఉందని తెలిస్తే చాలు, ఆట వేలితో నొక్కే బొమ్మ మీటలు చూపించి, కీబోర్డు మాట వినడం మానేస్తుంది. రెండూ ఉన్న ల్యాప్‌టాప్ వాళ్లు టకటకా కొట్టి కొట్టి, విసిగి, కంపెనీని తిట్టిపోస్తున్నారు. నలుగురు ఇంజనీర్లు మూడు వారాలు కుస్తీపట్టి చేతులెత్తేశారు.

"చేయి తిరిగిన మనిషి కావలెను" అని మేనేజర్ ప్రకటన వేశాడు.

వీడియో ఇంటర్వ్యూలో ఒకావిడ కనిపించింది. ఆవిడకిది పదకొండో ఇంటర్వ్యూ. ఆఫీసులకు వెళ్లి ఇచ్చిన మొదటి పదీ ఐదు నిమిషాలు దాటలేదు.

"యంత్రంలో ఏముందో చూసి ఆటే నిర్ణయించేస్తే ఎలా సార్? మనిషి దేన్ని కదిపితే దాన్ని వినాలి. మధ్యలో మార్చినా వినాలి" అందావిడ.

"చెప్పడం తేలికే. చేసి చూపించండి."

మేనేజర్ టీ తాగి వచ్చేసరికి చేసి చూపించింది. కారు మౌస్‌తో కదిలింది. వేలితో కదిలింది. కీబోర్డుతో దూసుకుపోయింది. ఇంజనీర్లు నోళ్లు వెళ్లబెట్టారు. మేనేజర్ మాత్రం అదంతా తన పర్యవేక్షణ ఫలమే అన్నట్టు మీసం సవరించుకున్నాడు.

"ఎవరికి వీలైన మీటలు వాళ్లు ఎంచుకునే ఏర్పాటు కూడా పెట్టాను సార్."

"అదెందుకమ్మా? దేవుడు అందరికీ ఇచ్చింది అవే పది వేళ్లు! తీసేయండి."

ఉద్యోగం నోటిదాకా వచ్చింది. ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డ వాళ్లక్క 'ఊ అనవే' అని కళ్లతోనే బతిమాలుతోంది.

"తీయను సార్. అదుంటేనే నేనుంటాను."

మేనేజర్ ఇంజనీర్ల వంక చూశాడు. వాళ్లు నేల వంక చూశారు.

"మొండిఘటమే! సరే, ఉండనివ్వండి. సోమవారం వచ్చి చేరండి. ఇక్కడ చేతినిండా పని."

సోమవారం పొద్దున మేనేజర్ రిసెప్షన్‌లో కూర్చుని ఫోన్‌లో తల దూర్చాడు. అడుగుల చప్పుడు విని, తలెత్తకుండానే బల్ల మీది హాజరు యంత్రాన్ని ముందుకు తోశాడు.

"రండి రండి, కూర్చోండి. ముందు వేలిముద్ర ఎక్కించాలి. అది పడందే ఈ ఆఫీసు దృష్టిలో మీరు మనిషే కాదు."

ఆవిడ కుర్చీలో కూర్చుని, చొక్కా ఖాళీ చేతులు రెండూ ఫ్యాను గాలికి ఊగుతుండగా, చెప్పు విడిచి కుడికాలి బొటనవేలు ఆ యంత్రం గాజుపలక మీద ఆనించింది.