గొడుగుతో దిగినవాడు

కోవూరులో జడ్సన్ గారి వరండాలో ముత్యాలయ్య చెప్పులు విడిచి, పాత పౌడరు డబ్బా బల్ల మీద పెట్టాడు. మూత తీయడానికి చెయ్యి రాలేదు.

"తియ్యి బావా. లోపల తేలేం లేదు గదా," అన్నాడు పక్కనున్న పోలేరయ్య.

తేలు లేదు. తాత పరువు ఉంది.

వాళ్ళ ఊరు జువ్వలదిన్నెలో బడి ముందు రాయి నిలబెడుతున్నారు. ఊరి నుంచి సైన్యానికి పోయినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కిస్తారు. ఆగస్టు పదిహేనున ప్రారంభం. కమిటీకి పోలేరయ్య పెద్ద. ముత్యాలయ్య తాత చిన్నపోలయ్య తెల్లవాళ్ళ కాలంలో మిలిటరీ గుడ్డలేసుకుని గొడుగుతో దిగినాడని ఊరంతా చెప్పుకునేదే. పారాచూట్‌ని ఆ ఊళ్ళో గొడుగనే అంటారు. అసలు ఇంటిపేరు మరుగునపడి, వాళ్ళకి 'గొడుగోళ్ళు' అనే పేరు స్థిరపడింది కూడా.

అయినా నోటిమాటకి రాయి మీద చోటివ్వనన్నాడు పోలేరయ్య. రుజువు తెమ్మన్నాడు. ఇంట్లో ఉన్నవన్నీ పెట్టెతో సహా ఎప్పుడో తుపానుకి పోయాయి. మిగిలింది డబ్బాలోని ఈ గుడ్డ బిళ్ళ ఒక్కటే.

జడ్సన్ గారు పాత సైనిక బిళ్ళలు చూసి ఏది ఏ దళానిదో, ఏ ఏటిదో చెబుతారు. ఎక్కడెక్కడివాళ్ళో ఆయన్ని అడిగిగాని కొనరు. ఆయన నకిలీ అన్నారంటే ఇక దాంతో కాళ్ళు తుడుచుకోవాల్సిందే.

ఆయన బిళ్ళను పట్టకారుతో పైకి తీశారు. వంకాయ రంగు గుడ్డ. దాని మీద లేత నీలంలో రెక్కల గుర్రం. గుర్రం మీద ఈటె ఎత్తిన మనిషి. కింద ఇంగ్లీషులో ఇండియా అని అక్షరాలు.

భూతద్దంలో చూశారు. తిప్పి, వెనక దారాలు చూశారు. తలుపు మూసి ఊదారంగు లైటు వేశారు.

"కొత్త దారమైతే ఈ వెలుగులో ట్యూబులైటు మాదిరి మెరుస్తుంది. దొంగవన్నీ ఇక్కడే దొరికిపోతాయి."

ముత్యాలయ్య ఊపిరి బిగబట్టాడు. బిళ్ళ మెరవలేదు. చీకట్లో చీకటిగానే ఉండిపోయింది.

"అసలుదే," అన్నారు జడ్సన్ గారు. "విమానంలోంచి దూకే దళానిది. నలభై నాలుగుకి ముందుది కాదు, నలభై ఏడు తర్వాతదీ కాదు."

ముత్యాలయ్య బావ వంక చూశాడు. పోలేరయ్య దూలాలు చూస్తున్నాడు.

"ఒక్కటే అంతుపట్టడం లేదు," అన్నారు జడ్సన్ గారు. "సిపాయి దీన్ని భుజానికి కుట్టుకుంటాడు. దీనికి కుట్టిన బెజ్జాలే లేవు. గుండుసూది గుచ్చిన తుప్పు మరకలు రెండున్నాయి, అంతే. ఎండకి రంగు కూడా వెలవలేదు."

"అదీ! అట్ట అడగండి సార్," అన్నాడు పోలేరయ్య దూలాలు వదిలేసి.

"మా తాత ఒక్కసారే దిగినాడు సార్!" ముత్యాలయ్య గబగబా అందుకున్నాడు. "మా మేనత్త పేరమ్మ చెప్పేది, నా చిన్నప్పుడు. పొద్దున్నే తలస్నానం చేసి, నెత్తికి నూనె రాసుకోని, దేవుడికి మొక్కుకోని పోయినాడంట."

"మొక్కుకోడా మరి! ప్రాణంతో పని," అన్నారు జడ్సన్ గారు.

"కదలబాక, ఊపిరి బిగబట్టు అన్నారంట. ఒకటీ రెండూ మూడూ అని ఎంచినారంట."

"ఎంచుతారు. పద్ధతే అది."

"మూడు అనేసరికి భగ్గుమని మెరిసిందంట సార్. మా తాత కళ్ళు మూసేసినాడంట. కళ్ళు తెరవరా అని ఒకటే తిట్లంట."

"శత్రువుల మందుగుండు," అన్నారు జడ్సన్ గారు, పోలేరయ్యకి వినబడేట్టు.

"ఎనకంతా కొండలంట, మబ్బులంట, జలపాతమంట."

"బర్మా అయ్యుంటుంది."

"గొడుగు కూడా ఒక పట్టాన తెరుచుకోలేదంట సార్."

జడ్సన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. గుండుసూది సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. కాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చారు.

తిరుగు దారిలో బండి నడుపుతూ పోలేరయ్య నిట్టూర్చాడు. "మా మామ హవల్దారు. పద్దెనిమిదేండ్లు మిలిటరీ వంటశాలలో ఎర్రగడ్డలు కోయించినాడు. ఇప్పుడు ఆయన పేరు కింద, మీ తాత పేరు పైన. ఖర్మ!"

వెనక కూర్చున్న ముత్యాలయ్య డబ్బాను ఒళ్ళో ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

ఆగస్టు పదిహేనున రాయి మీద గుడ్డ తీశారు. మొదటి వరసలోనే ఉంది: 'చిన్నపోలయ్య, విమానం నుండి దూకిన వీరుడు.' పిల్లలు చప్పట్లు కొట్టారు. ముత్యాలయ్య ఇస్త్రీ చొక్కా గుండీలు రెండు బిగుతయ్యాయి.

పులికాట్ దగ్గర కూతురింట ఉంటున్న పేరమ్మ ఆటోలో దిగింది. ఎనభై ఎనిమిదేళ్ళు. చెవుడు. అందుకే ఇన్నాళ్ళూ ఆమెను ఫోనులో ఎవరూ ఏమీ అడగలేకపోయారు. వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ముఖ్య అతిథి జడ్సన్ గారు స్వయంగా ఆమె చెవి దగ్గర వంగి అరిచారు.

"అమ్మా! మీ నాయన గొడుగుతో దిగినాడు గదా! ఏ చోట దిగినాడో గుర్తుందా?"

"గుర్తు లేకేం సామీ? నేనూ ఆయన పక్కనే నిలబడుండా," అంది పేరమ్మ, మైకు నోటి దగ్గరికి లాక్కుని.

జడ్సన్ గారి నవ్వు సగంలో ఆగింది. ముత్యాలయ్య లేచి నిలబడ్డాడు.

"నెల్లూరు తిరణాళ్ళలో, డేరాలో, అద్దె మిలిటరీ గుడ్డలు తొడుక్కోని, భుజాన గుండుసూదితో బిళ్ళ గుచ్చుకోని, చేతిలో అద్దె గొడుగు పట్టుకోని, దొరబాబు మాదిరి ఫోటో దిగినాడు!"